ఉప్పునీళ్ల క్యాను

కువైట్ నుంచి అమ్మాన్ దాకా ఎడారి దారిన పోవలసిన గతి ఎవరికైనా పడితే ముందుగా ఒక మాట. తాగే నీళ్లు ఎన్ని మోయగలిగితే అన్ని మోసుకోండి. మేం మోసింది సముద్రపు నీళ్లు.

ఆ ఎండాకాలం నేను, రాయచోటి ఖాదర్ ముత్యపు చిప్పలు పట్టే బోటులో పనిచేశాం. ఈతగాళ్లు మునిగి తెచ్చిన చిప్పల్ని కత్తితో తెరవడం మా పని. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగేనాటికే చిప్ప అంచు తగిలి ఖాదర్ కుడిచేతి వేళ్లు రెండు లోతుగా కోసుకుపోయి ఉన్నాయి. బోటులో గాయానికి ఒకటే మందు, సముద్రంలో ముంచడం. మంచినీళ్లు తగిలితే చీము పడుతుందని మావాళ్లందరి నమ్మకం. సైనికులు బోట్లను రేవులోనే ఆపేశారు. మాకు వీసా ఇచ్చిన కఫీల్ మా పాస్‌పోర్టులు చేతికిచ్చి, "ఖలాస్, మీ ఊరు పోండి" అన్నాడు. ఖాదర్ రేవులోనే ఒక క్యాను నింపుకున్నాడు. నీళ్ల మీద నూనె తేలుతోంది.

"సముద్రం యాడైనా సముద్రమేలే అన్నా" అన్నాడు.

పొద్దున ఆరింటికి కువైట్ శివారు రిగ్గైలో బస్సెక్కాం. తలకు ఇరవై దినార్లు. మధ్యాహ్నానికి బస్రా చేరితే రొట్టె దొరికింది గానీ నీళ్లు దొరకలేదు. పక్క సీట్లో కడప సుబ్బన్న, సాల్మియాలో వంటమనిషి, మా క్యానునే చూస్తూ కూర్చున్నాడు. చివరికి నోరు విడిచి ఒక గుక్క అడిగాడు.

"ఉప్పునీళ్లు పెద్దాయనా" అన్నాడు ఖాదర్.

"నీళ్లు పెట్టుకొని లేవనేవాళ్లను శానామందిని చూసినాలే."

ఖాదర్ మూతలో పోసిచ్చాడు. సుబ్బన్న కిటికీలోంచి ఉమ్మేసి, "మతుండే చేస్తాండావా?" అని కసిరాడు. అయినా అమ్మాన్ దాకా మా వెంటే ఉన్నాడు.

బాగ్దాద్‌లో ఒక బడి వరండాలో పడుకున్నాం. మర్నాటికి ఖాదర్ చెయ్యి మణికట్టు దాకా వాచింది. గంటకోసారి క్యాను వంచమనేవాడు, నేను వంచేవాణ్ణి. వాడి ఒళ్లు కాలిపోతుంటే నాకు భయం వేసింది. వాడింట్లో అయిదుగురు ఆ చేతి మీదే బతుకుతున్నారు.

జోర్డాన్ సరిహద్దు దాటాక డేరాల్లో పెట్టారు. అక్కడి డాక్టరు కట్టు విప్పి, క్యాను వాసన చూసి, దాన్ని బయట పారబోయించాడు. ఆయన అరబ్బీలో అన్నది సుబ్బన్న మెల్లగా మాకు చెప్పాడు.

"మంచినీళ్లు, సబ్బు... అంతే సాలునంట నాయనా."

ఆ సాయంత్రమే రెండు వేళ్లూ తీసేశారు.

అమ్మాన్ నుంచి బొంబాయికి విమానం ఉచితం. బొంబాయిలో మద్రాసు రైలెక్కాం. దారిపొడవునా అన్నం నేనే కలిపి ముద్దలు పెట్టాను. ఖాదర్ తలవంచుకుని తిన్నాడు. ఇన్ని దేశాలు దాటినా నాకు గుర్తున్నవి దప్పిక, చెమట, ఆ చీము వాసన. చూసొచ్చానని చెప్పుకోడానికి ఒక్క ఊరూ లేదు.

రాయచోటి బస్సుకు కడపలో ఖాదర్ దిగాలి, నేను రాజంపేట దాకా పోవాలి. నేను వాడి మూట అందుకోబోతే పక్కకు లాక్కున్నాడు.

"ఇయ్యిరా, బస్టాండు దాకా నేనొస్తా. ఇంకో బండిలో పోతాలే."

"వద్దులే అన్నా. రేపట్నుంచి నువ్వుండవు గదా" అని, ఎడమచేత్తో మూట ఎత్తుకుని దిగిపోయాడు.