పాత కంప్యూటర్ షాపులోనే ఇచ్చేయమన్నాను

నేను మనుషుల్ని తేలిగ్గా మెచ్చుకోను. కూర బాగుంటే ఇంకోసారి వడ్డించుకుంటాను, అంతే. బాగుందని నోటితో చెప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. అలాంటిదాన్ని మా కోడలి గురించి ఇంత రాయడానికి కూర్చున్నానంటే, అది ఒక ల్యాప్‌టాప్ కొన్న సంగతి వల్ల. ఆ సంగతిలో తప్పు నాది. అందుకే నేనే రాస్తున్నాను.

మాది కోనసీమ. నేను చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడతాను గానీ కూడబలుక్కుని చదవలేను. ఖతర్ వచ్చాక అల్ వుకైర్‌లో కొడుకు, కోడలి దగ్గర ఉంటున్నాను. కొడుకు డ్యూటీ ఎక్కడో గ్యాస్ సైటులో, సగం రోజులు క్యాంపులోనే. ఇంట్లో ఉండేది ఎక్కువగా మేమిద్దరమే. కోడలు దోహాలో వెస్ట్ బే దగ్గర ఒక ఆఫీసులో బిల్డింగుల డ్రాయింగులు గీస్తుంది.

ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉండేది. మీట నొక్కాక దాని తెర వెలిగేలోపు నేను బియ్యంలో రాళ్లు ఏరడం అయిపోయేది. మధ్యలో బిగుసుకుపోయేది కూడా. అయినా కోడలు డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, దాని ముందు కూర్చునేది. ఎనిమిది నెలలు కూర్చుంది. మా తెలుగు క్రైస్తవ సంఘానికి పాటల పుస్తకం టైపు చేసింది.

ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా ఆరాధనా ఆ రోజే. అక్కడ మా దగ్గరున్న పుస్తకాలు కుట్లు ఊడిపోయినవి. ముగ్గురికి ఒకటి. కొత్తగా వచ్చిన పిల్లలు పాట రాక పెదవులు మాత్రం కదిపేవాళ్లు. ఈస్టర్ నాటికి అందరికీ తలొక పుస్తకం ఉండాలని సంఘపెద్దలు అనుకున్నారు. పెళ్లికి ముందు మా కోడలు రాజమండ్రిలో ఒక డీటీపీ షాపులో పెళ్లి శుభలేఖలు టైపు చేసేది. ఆ సంగతి తెలిసి పని ఆమెకు అప్పగించారు. ఒక ఆడపిల్లకి సంఘం అంత పని అప్పగించడం అదే మొదలు. పైకి అనలేదు గానీ నాకు ఛాతీ కాస్త పొంగింది. నూట నలభై పాటలు పూర్తయ్యాయి. ప్రెస్సుకి ఇవ్వడానికి ఇంకా నెల రోజుల గడువుంది.

అప్పుడే ఆఫీసువాళ్లు వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేసుకోవచ్చన్నారు. అయితే ల్యాప్‌టాప్ ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. వాళ్ల ఆఫీసులో ఉన్నవన్నీ వేరే రకం. కంప్యూటర్లలో రెండు జాతులున్నాయనీ, ఒకదాని మందు ఇంకోదానికి పడదనీ నాకు అప్పుడే తెలిసింది. మా ఇంట్లోది ఒక జాతి, ఆమె కొనాలనుకున్నది ఇంకో జాతి.

కొనడంలో ఆమె పద్ధతి చూసి మొదటిసారి నాకు ఈమె మా ఇంటి మనిషేననిపించింది. వారం రోజులు క్యాలెండర్ కాగితం వెనక తనకేం కావాలో రాసుకుంది, రాసినవాటిలో సగం కొట్టేసింది. బంగారు రంగుది వద్దంది. పెద్ద తెరది వద్దంది. ఒక్క మెమరీ దగ్గర మాత్రం తగ్గనంది.

"దానికే ఎందుకు అంత ఖర్చు?" అన్నాను.

"ఈ రకంలో మెమరీ తర్వాత పెంచుకోడానికి కుదరదండీ అత్తయ్యగారూ. కొన్నప్పుడు ఎంతో, చచ్చేదాకా అంతే. స్టోరేజీ అయితే చాలకపోతే బయట డిస్కు తగిలించుకోవచ్చు."

నాకు చక్కగా అర్థమైంది. ఎదిగే పిల్లకి లంగా కుట్టించేటప్పుడు కింద మడత ఉంచి కుట్టమనేదాన్ని, ఏడాదికోసారి విప్పుకోవడానికి. ఇది మడత పెట్టడానికి వీల్లేని లంగా. ముందే పొడుగు చూసుకోవాలి.

కొత్తది కాకుండా, ఒకరు వాడాక బాగుచేసి అమ్మేది చూద్దామంది. ఆ మాటకీ నేను సంతోషించాను.

అలాంటివి అమ్మే షాపుకి వెళ్లాం. షాపతను నిజామాబాద్ వైపు సాయిబు. మేము తెలుగులో మాట్లాడుకోవడం విని కుర్చీ వేశాడు. కోడలు ల్యాప్‌టాప్ తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, మడత దగ్గర వదులుందేమో చూసింది. బ్యాటరీ ఇప్పటికి ఎన్నిసార్లు చార్జి అయిందో లోపల ఎక్కడో లెక్క ఉంటుందట, అది తెరిచి చదివింది. ఒక్కో అక్షరం మీట నొక్కి తెర మీద పడిందో లేదో చూసింది. నేను వంకాయలు ఏరేటప్పుడు తొడిమ దగ్గర పుచ్చు చూసినట్టే చూసింది.

"చెల్లె మస్తు చూస్తున్నది. ఇంజనీరా ఏంది?" అన్నాడతను.

"నా కోడలు" అన్నాను.

"గట్లనా. అయితే ఇంకా కష్టమే."

బేరం నేను చేశాను. కాసేపటికి అతను తల పట్టుకున్నాడు.

"అమ్మా, ఇంక తగ్గిస్తే నేను దుకాణం బంజేసి మీ ఇంట్ల పనికి రావాలె."

"మా ఇంట్లో పనికి మనిషిని పెట్టుకోం. తగ్గించు."

అతను నవ్వి, "పాతది ఉంటే తెండ్రి, మార్చుకుందాం. అప్పుడు తగ్గిస్త" అన్నాడు.

పాతది కారులోనే ఉంది. నేనే పొద్దున మోయించాను, ఎందుకైనా మంచిదని. అక్కడే కోడలు నన్ను పక్కకు పిలిచింది.

"పాతది ఒక్క వారం ఉంచుదామండీ. పాటలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను గానీ, కొత్తదాంట్లో అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూసుకుని అప్పుడు ఇద్దాం."

"ఎక్కించావు కదా. ఇంకేం చూడాలి? ఇంట్లో రెండు పెట్టుకుని ఏం చేస్తాం, ఒకదాని దుమ్ము ఇంకోదానితో తుడుస్తామా? వచ్చే వారం వస్తే ఇతను ఈ ధర ఇస్తాడా?"

ఆమె వెళ్లి కారులోంచి పాతది తెచ్చింది. షాపతను పాతదాన్ని బల్ల మీద పెట్టి అడిగాడు. "చెల్లె, అన్నీ తీస్కున్నవా? నీ ముంగటనే సాఫ్ చేస్త. ఫోటోలు గీటోలు పరాయోళ్ల చేతిల పడొద్దు." మంచివాడు కాబట్టే అడిగాడు. కోడలు నా వైపు చూసింది. నేను, "యల్లా, కానివ్వు బాబూ" అన్నాను. ఖతర్ వచ్చి నేను నేర్చుకున్న మొదటి అరబ్బీ మాట అది, పద, కానివ్వు అని. దాన్ని అక్కడ వాడకుండా ఉండాల్సింది.

శనివారం పొద్దున ఆమె కొత్తదాన్ని తన చేతికి అలవాటు చేసుకోవడం మొదలుపెట్టింది. నేను పక్కన చిక్కుడుకాయలు వలుస్తూ చూశాను. మూసే గుర్తు ఇందులో ఎడమ పక్క ఉంది. వేలు కిందికి రాస్తే కాగితం పైకి పోతోంది. ఆమె దాన్ని తిప్పి పెట్టుకుంది. అనవసరమైనవి తీసేసింది. తెలుగు మీటలు తెచ్చి పెట్టింది. నా కోసం వేరే గది కట్టినట్టు వేరే ఖాతా తెరిచి, అందులో అక్షరాలు పెద్దవి చేసి, ఒక్కసారి నొక్కితే మా ఊరికి వీడియో కాల్ వెళ్లేటట్టు పెట్టింది. ఫ్యాను చప్పుడు లేదు, వేడి లేదు. ఒళ్లో పిల్లి పడుకున్నట్టుంది. వస్తువుని కూడా మెచ్చుకున్నాను, మనసులోనే.

తర్వాత పెన్‌డ్రైవ్ పెట్టి పాటలు తెరిచింది.

తెలుగు లేదు. తెర నిండా ఇంగ్లీషు ముక్కలు, కామాలు, కొక్కేలు, చుక్కలు. కోడి కెలికిన ముగ్గులా ఉంది. ఆమె ఇంకో పాట తెరిచింది. అదీ అంతే.

"ఏమైంది?"

"ఆ రోజుల్లో డీటీపీలో ఇంగ్లీషు అక్షరం మీద తెలుగు ముక్క ముసుగు వేసేవారండీ, ఫాంటు అంటారు. నేనూ ఆ అలవాటుతోనే కొట్టాను. లోపల ఎప్పుడూ ఉన్నవి ఇవే. ఆ ముసుగు పాత కంప్యూటర్‌లో ఉండిపోయింది. దాన్ని తెచ్చుకోవాలన్న సంగతి నాకే తట్టలేదు."

ఆ పాత కంప్యూటర్ని నా 'యల్లా'తో తుడిపించేశాం. తను నేర్చుకున్న షాపుకి ఫోన్ చేసింది, అది మూసేసి చాలాకాలమైందట. ఇంటర్నెట్‌లో అలాంటిదే ఒకటి వెతికి పెట్టింది. సగం అక్షరాలు వేరేవి వచ్చాయి. మూడు వారాల్లో నూట నలభై పాటలు మళ్లీ టైపు చేయడం డ్యూటీ చేసే మనిషికి అయ్యే పని కాదు. సంఘం ముందు తల వంచుకోవాల్సింది ఆమె. వంచేటట్టు చేసింది నేను.

ఒక్క మాట అంటుందని ఎదురుచూశాను. వారం ఆగుదామని చెప్పానా లేదా అని. ఆమె స్థానంలో నేనుంటే అనేదాన్ని. ఒక పూటతో ఆపేదాన్ని కూడా కాదు.

ఆమె క్యాలెండర్ కాగితం ఇంకోటి చింపింది. భోజనాల బల్ల మీద రెండు చేతులూ పరిచింది, మీటలు లేని చోట. కళ్లు మూసుకుంది.

"క" అంది. వేళ్లలో ఒకటి బల్ల మీద తట్టింది. కళ్లు తెరిచి అది ఏ మీట ఉండాల్సిన చోట పడిందో చూసుకుని, కాగితం మీద రాసుకుంది. మళ్లీ కళ్లు మూసుకుంది. "ఖ".

రాజమండ్రిలో ఎన్ని పెళ్లిళ్లకి శుభలేఖలు కొట్టిందో గానీ, ఆ ముసుగు ఆమె వేళ్లలోనే ఉంది. తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులు అన్నీ బల్ల మీద తట్టి తట్టి పట్టుకుంది. నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. చదువంటే కాగితం మీద ఉండేదనుకున్నాను అన్నాళ్లూ.

ఆ గుర్తు ఉన్నచోటల్లా ఈ తెలుగు ముక్క పెట్టు అని చెబితే కొత్త ల్యాప్‌టాప్ నూట నలభై పాటల్లోనూ ఒక్క దెబ్బకి మార్చేసింది. అయితే ఒత్తులు కొన్ని ముందుకీ వెనక్కీ దొర్లాయి. గుడి ఉండాల్సిన చోట కొమ్ము వచ్చింది. అక్కడ నా అవసరం పడింది. ఆ పాటలు నాకు పుస్తకం చూసి వచ్చినవి కావు. మా అమ్మ పొలం గట్టు మీద పాడగా వచ్చినవి. పొద్దున ఆమె డ్యూటీకి వెళ్లేముందు ఐదు పాటలు, సాయంత్రం రాగానే ఐదు. నేను పాడతాను, ఆమె తెర మీద వేలు పెట్టి దిద్దుకుంటుంది.

మూడోనాడు ఉండబట్టలేక నేనే అన్నాను. "అనాలనుంటే అనేయ్ అమ్మాయ్. లోపల పెట్టుకోకు."

"ఏమనాలండీ?"

"నీకు తెలీదా?"

"తెలుసండీ. ఇరవై మూడో పాట, రెండో చరణం అందుకోండి. ఆఫీసుకి టైమవుతోంది."

అందుకున్నాను. ఏం చేస్తాను! కాసేపాగి, "మెల్లగా పాడండి అత్తయ్యగారూ, బేరమాడినట్టు పరిగెత్తకండి" అంది. తను అన్నది అంత వరకే. నాకు కోపం రాలేదు. వస్తుందేమోనని కాసేపు చూశాను కూడా.

ప్రెస్సుకి ఒకరోజు ముందే ఇచ్చాం. ఈస్టర్ ఆరాధనలో పుస్తకాలు పంచారు. నా పక్కన నిలబడిన పిల్ల, వచ్చి నెలైనా కాలేదు, గొంతెత్తి పాడింది. నేను పుస్తకం తెరిచే ఉంచాను, చూడాల్సిన అవసరం లేకపోయినా. ఒత్తులన్నీ వాటి చోట్లలో ఉన్నాయి. సంఘపెద్ద కోడలి పేరు చెప్పి చప్పట్లు కొట్టించారు. నేనూ అందరిలో కొట్టాను. అందరిలో కొట్టిన చప్పట్లు లెక్కలోకి రావని నాకు తెలుసు.

మరుసటి రోజు కోడలు వంటింట్లో గిన్నెలు తోముతోంది. నేను ల్యాప్‌టాప్‌లో నా ఖాతా తెరిచాను. మా ఊరి గుర్తు కాదు, దాని కింద ఆమె పుట్టింటిది ఉంది, అది నొక్కాను. వియ్యపురాలు తెర మీదికి వచ్చింది. నేనెప్పుడూ నాకై నేను చేయను కాబట్టి ఆమె ముఖం పాలిపోయింది.

"ఏంటొదినగారూ, అంతా బాగేనా?"

"బాగే. మీ అమ్మాయి గురించి చెబుదామని చేశాను."

"ఏం చేసిందండీ?"

"పాత కంప్యూటర్ ఒక వారం ఉంచుదామని చెప్పింది. నేను వినలేదు. తప్పు నాది. పోయాయనుకున్న సంఘం పాటల్ని నిలబెట్టింది మీ అమ్మాయి. అలాంటి పనిమంతురాలు మా ఇంట్లో ఇదివరకు లేదు, నాతో కలిపి."

వంటింట్లో కుళాయి చప్పుడు ఆగింది. గిన్నెల చప్పుడూ ఆగింది.

నేను గొంతు కొంచెం పెంచి, మొదటి నుంచీ మళ్లీ చెప్పాను.