మగ్గం ఆగితే మెలకువ

ఆ రోజుల్లో బెజవాడలో రచయిత కావడానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు. నాలుగు దస్తాల కాగితాలు, సిరా కారే పెన్ను ఒకటి, తల దువ్వుకోకుండా బజారులో తిరిగే ధైర్యం ఉంటే చాలు. ఈ మూడూ నాకు పుష్కలంగా ఉండేవి. లేనిదల్లా ఓపిక. డెబ్బైల మొదట్లో గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. పటమటలో అద్దె గది, పాత సైకిలు, సోడాబుడ్డి కళ్ళజోడు నా ఆస్తి. పగలంతా తానులు విప్పడం, చుట్టడం పని. ఏదో ఒక వారపత్రికకు కథ పోస్టు చేసిన మర్నాటి నుంచే జవాబు కోసం కొట్టు మెట్లమీదికి పరుగెత్తేవాణ్ణి (కవరు ఇంకా బెజవాడ పొలిమేర దాటి ఉండదని నాకూ తెలుసు, కాళ్ళకు తెలియదు). తిరుగు స్టాంపులు పెట్టి పంపిన కథలన్నీ ఎంతో నమ్మకంగా తిరిగి వచ్చేవి. మా షావుకారు మాత్రం, "నీ పేరున వచ్చినన్ని కవర్లు మన కొట్టుకే రావట్లేదయ్యా" అని నలుగురిలో మెచ్చుకునేవాడు.

కొట్టుకు రెండు వీధుల అవతల ఒక ట్యుటోరియల్ కాలేజీ మేడమీద ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు మా రచయితల సంఘం కూర్చునేది. పది పన్నెండు మందిమి. పెద్దదిక్కు ఒక రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. కథ రాసినవాడు తన పేరు వేయకూడదు. చేతిరాత పోల్చుకుంటారు కాబట్టి ఇంకొకరి చేత ఎత్తి రాయించి, ముందుగా మాస్టారి చేతికివ్వాలి. ఏ కథ ఎవరిదో ఆయనొక్కరికే తెలుసు. సభలో వేరే ఎవరో చదువుతారు. అందరూ ఉతికి ఆరేస్తారు. రాసినవాడు అక్కడే, నలుగురిలో ఒకడిలా కూర్చుని వినాలి. ఎవడైనా ఒక కథను మరీ వెనకేసుకొస్తే, "కన్నతల్లి దొరికింది" అని బల్లలు చరిచేవాళ్ళు. దొరికిపోయిన కథను పక్కన పెట్టేసేవారు. ఊరికే ఉన్నా ప్రమాదమే. అంతకుముందు నెలలో ఒకతను నోరు మెదపకుండా చెమటలు కక్కుతూ కూర్చుని, ఆ చెమటతోనే దొరికిపోయాడు.

అలా ఉండగా రేడియో స్టేషన్ నుంచి మాస్టారికి కబురొచ్చింది. యువకుల కార్యక్రమంలో చదవడానికి మా సంఘం నుంచి ఒకే ఒక్క కథ కావాలట. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. పత్రికలో పడితే చదువుకున్నవాళ్ళు చూస్తారు. రేడియోలో వస్తే మా నాన్న వింటాడు. నాకు కావలసింది అదే. మాది బస్సులో గంటన్నర దూరంలో ఉన్న నేతపనివాళ్ళ ఊరు. నాన్న మగ్గం మీద పనిచేసేవాడు, కథలు రాయడమంటే ఏమిటో ఆయనకు పట్టేది కాదు. "ఆ రాసిందేదో గట్టిగా నలుగురికీ వినపడేదైతే బాగుండురా" అన్నాడొకసారి. ఇప్పుడు వినపడే దారి దొరికింది.

వారంరోజులు తిరుగుతూ, గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు నడుస్తూ, మా తాతయ్య మీద రాశాను. తాతయ్యకు మధ్యాహ్నం భోజనమయ్యాక అరుగుమీద కునుకు తీయడం అలవాటు. లోపల నాన్న మగ్గం ఆడుతున్నంతసేపూ హాయిగా నిద్రపోయేవాడు. మగ్గం ఆగిందా, చటుక్కున లేచి, "ఏమైందిరా? పోగు తెగిందా?" అనేవాడు. కథంతా అదే. ఆదివారం ఉదయం బస్సులో ఊరికి వెళ్ళి మా చెల్లెలి చేత ఎత్తి రాయించాను. "అయితే ఇది రేడియోలో వస్తదా అన్నయ్యా?" అంది. నేను పెన్ను మూత పెడుతూ, "రాకేం" అన్నాను. నేను మళ్ళీ బస్సెక్కేసరికి ఆ "రాకేం" మా వీధంతా తిరిగొచ్చింది.

ఆ కాగితాలు మర్నాడే మాస్టారికి అందించాను. తర్వాతి ఆదివారం, ఎంపిక రోజున, నేను రెండున్నరకే వెళ్ళాను. బెంచీ మారాను, కిటికీ దగ్గర నిలబడ్డాను, మంచినీళ్ళు మూడుసార్లు తాగాను. పోటీకి నాలుగు కథలు. మూడోది నాది. చదవడానికి మాస్టారు దాన్ని గన్నవరం టీచరమ్మకు ఇచ్చారు. ఆవిడ అక్కడ మిషన్ స్కూల్లో పనిచేసేది. ఆదివారం ప్రార్థన ముగించుకుని, బైబిలు ఉన్న చేతిసంచీతోనే బస్సు పట్టుకుని వచ్చేది. ఆవిడ నెమ్మదిగా చదువుతుంటే నా కథ నాకే కొత్తగా వినిపించింది. "పోగు తెగిందా?" అన్నచోట ఆవిడ గొంతు కాస్త ఆగింది. నా కళ్ళజోడు మసకబారింది. దొరికిపోతానన్న భయం అప్పుడే మొదలైంది.

"ఎవరైనా మాట్లాడతారా?" అన్నారు మాస్టారు. ఎవరూ లేవలేదు. అందరూ నావైపే చూస్తున్నట్టు అనిపించింది (నిజానికి ఒక్కడూ చూడలేదు. మాలో బ్యాంకు ఉద్యోగం చేసే పెద్దమనిషి, మా బ్యాంకాయన, కిటికీలోంచి పుచ్చకాయల బండిని చూస్తున్నాడు). ఊరుకుంటే నా చెమటే నన్ను పట్టిస్తుంది. మెచ్చుకుంటే కన్నతల్లినైపోతాను. ఇక మిగిలిందొక్కటే దారి అనుకుని లేచి నిలబడ్డాను.

"నాకు నచ్చలేదండీ" అన్నాను.

"ఏం నచ్చలేదండీ?" అంది టీచరమ్మ, కాగితాలు ఇంకా చేతిలోనే పట్టుకుని.

"చప్పుడైతే లేస్తారు గానీ, చప్పుడాగితే లేవడం ఏంటండీ? విడ్డూరం కాకపోతే. ఈ రాసినాయన జన్మలో మగ్గం చూసుండడు."

మూడు తరాలుగా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని బతికిన ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ మాట నేనే అన్నాను. నలుగురు నవ్వారు. ఆ నవ్వు నాకు తలకెక్కింది. మాస్టారు గట్టిగా దగ్గారు. బోర్డు తుడిచిన సుద్దపొడి కాబోలనుకున్నాను.

"మాది మిల్లు పక్క ఇల్లండీ" అంది టీచరమ్మ. "పగలు రైసుమిల్లు ఆగితే మా అమ్మ కునుకులోంచి లేచి కూర్చుంటది. ఈ రాసింది నిజమండీ."

"మిల్లు వేరు, మగ్గం వేరండీ. మిల్లు ఆడితే ఊరంతా అదురుద్ది. మగ్గం చప్పుడెంతండీ?"

"మీరెప్పుడన్నా విన్నారా అండీ మగ్గం చప్పుడు?"

మాస్టారు మళ్ళీ దగ్గారు.

"లేదండీ" అన్నాను.

ఆ తర్వాత పావుగంట ఆగకుండా మాట్లాడాను. ముసలాయన పాత్రలో పస లేదన్నాను, సంఘటన లేదన్నాను, ముగింపు అసలే లేదన్నాను. అంత ధాటిగా నేను అంతకుముందు మాట్లాడలేదు, ఆ తర్వాతా మాట్లాడలేదు. చేతులెత్తమన్నప్పుడు నా కథకు ఒకే ఒక్క చెయ్యి లేచింది, టీచరమ్మది. నా కథకు నేనే చెయ్యెత్తలేదు. గొడుగు పోగొట్టుకున్న ఒక గుమాస్తా మీద బ్యాంకాయన రాసిన కథ గెలిచింది. గెలవని కథ ఎవరిదో మాస్టారు బయటపెట్టరు, అదీ పద్ధతే. అందరూ నా వీపు తట్టి, విమర్శకుడంటే ఇలా ఉండాలన్నారు. మెట్లు దిగుతున్నప్పుడు టీచరమ్మ నా పక్కకు వచ్చి, "ఆ రాసిన మనిషి గదిలోనే ఉండుంటాడండీ. మీ మాటలిన్నాక ఇంక పెన్ను ముట్టుకోడేమో. కాస్త చూసి మాట్లాడాల్సింది" అని బస్టాండు వైపు వెళ్ళిపోయింది. సైకిలు తాళం తీయడానికి నాకు చాలాసేపు పట్టింది.

రేడియోలో కథ వచ్చే సాయంత్రం, ఇంట్లో ఎలాగైనా సంగతి చెప్పేద్దామని కొట్టులో సెలవడిగి ఊరికి బయల్దేరాను. దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను. బస్సు ఆలస్యమైంది. గుమ్మంలో అడుగుపెట్టేసరికి వీధిలోవాళ్ళు పదిమంది చాపలమీద కూర్చుని ఉన్నారు. నాన్న ముందుగానే మగ్గం దిగి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. మా పాత రేడియో వేడెక్కి గొంతు విప్పేసరికి కథ మొదలైపోయింది. "వాడొచ్చాడు, ఊరుకోండి, వినండి" అన్నాడు నాన్న. గొడుగు కథ వచ్చింది. నాన్న చెంపకు చెయ్యి ఆనించుకుని చివరిదాకా విన్నాడు. కథ ముగిసి, ఇక పేరు చెబుతారనగా నేను లేచి మర తిప్పి రేడియో కట్టేశాను.

"పేరు చెప్తారు గదరా" అన్నారెవరో.

"పేరుదేముందండీ, నేనిక్కడే ఉన్నాగా" అన్నాను. నా కథ ఎత్తి రాసింది మా చెల్లెలు. రేడియోలో వచ్చింది ఆ కథ కాదని ఆ గదిలో నేను కాక దానికొక్కదానికే తెలుసు. నావైపు ఒక చూపు చూసి, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అందరూ వెళ్ళాక నాన్న అన్నాడు, "బాగానే రాశావురా. ఆ గొడుగు పోయినాయన మీద జాలేసింది. కానీ మనోళ్ళ సంగతి ఒక్క ముక్కన్నా పెట్టలేకపోయావా?" తిరుగు బస్సులో సీటు ఖాళీగా ఉన్నా పటమట దాకా నిలబడే వచ్చాను.

ఆ తర్వాత రెండు ఆదివారాలు సంఘానికి వెళ్ళలేదు. మూడో వారం మాస్టారు తువ్వాలు కొనే నెపంతో మా కొట్టుకొచ్చారు. నాలుగు తువ్వాళ్ళు విప్పించి, ఒకటీ నచ్చలేదని, సంచీలోంచి నా కథ కాగితాలు తీసి కౌంటరు మీద పెట్టారు. పైన మడిచిన చిన్న కాగితం ఒకటుంది.

"ఆ రోజు నిన్నాపుదామని రెండుసార్లు దగ్గానురా. అంతకంటే దగ్గితే పద్ధతి తప్పినట్టవుద్ది" అన్నారు. "ఆ రోజు ఈ కాగితాలు టీచరమ్మ ఇంటికి పట్టుకెళ్ళి, ఈ చీటీ పెట్టి తిరిగిచ్చింది. ఆ కథ రాసినవాళ్ళకి అందజేయమంది. ఎవరని అడగలేదు, నేనూ చెప్పలేదు."

తానుల వెనక్కి వెళ్ళి విప్పి చూశాను. నాలుగే వాక్యాలు. "మీ కథ చాలా బాగుంది. మా అమ్మకు చదివి వినిపించాను. ఆ రోజు మాట్లాడిన కళ్ళజోడు అబ్బాయికి కథల సంగతి ఏమీ తెలియదు, ఆయన్ని పట్టించుకోకండి. మీరు ఇంకొకటి రాయండి." నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. షావుకారు కేకేసేదాకా అక్కడే ఉన్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఊళ్ళో నాన్న మగ్గం పక్కన నిలబడి, "రేడియోలో వచ్చింది నాది కాదు నాన్నా. నాది ఇది. గెలవలేదు" అన్నాను. ఎందుకు గెలవలేదో కూడా చెప్పాను. నాన్న పోగుల మధ్య నాడె అటూ ఇటూ విసురుతూ నేస్తూనే ఉన్నాడు. "ఆపేదేం లేదు, బేరగాడు రేపొస్తాడు. గట్టిగా చదువు" అన్నాడు. ఆ చప్పుడు మీద గొంతు చించుకుని చదివాను. చివరి పేజీకి వచ్చేసరికి ఒక్క నా గొంతే వినిపిస్తోందని ఆలస్యంగా గ్రహించాను. నాన్న చేతులు ఆగిపోయాయి.

అరుగుమీద చాప కదిలిన చప్పుడైంది.

"ఏమైందిరా?" అన్నాడు తాతయ్య నిద్ర గొంతుతో. "పోగు తెగిందా?"

నాన్న నావైపు చూశాడు. తుండుతో మొహం తుడుచుకుని, "తెగలేదు నాన్నా. పడుకో" అని మళ్ళీ మగ్గం ఆడించాడు.

టీచరమ్మకు తర్వాత ఎక్కడికో బదిలీ అయిందన్నారు. ఆ కథ నాదేనని ఆవిడకు చెప్పే ధైర్యం చివరిదాకా రాలేదు. అలాంటి మాటలకు నేను ఎప్పుడూ ఒక బస్సు ఆలస్యమే. కథలు మాత్రం రాస్తూనే ఉన్నాను, కొన్ని అచ్చయ్యాయి కూడా. ఇప్పటికీ ఏదైనా రాయడానికి కూర్చుంటే ఆ కళ్ళజోడు అబ్బాయి వచ్చి పక్కన నిలబడతాడు, "నాకు నచ్చలేదండీ" అని మొదలుపెడతాడు. పాపం, వాడికి ఒకచోట కూర్చోవడం ఈనాటికీ రాలేదు. వాడి మీద నాకిప్పుడు కోపం లేదు. సొరుగులోంచి ఆ చిన్న కాగితం తీసి వాడి కళ్ళముందు పెడతాను. చదువుకుని కాసేపు ఊరుకుంటాడు. ఆ కాసేపట్లోనే నేను రాసుకోవాలి.