రెండు సముద్రాల నడుమ బతుకమ్మ

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. మా బడికి తాళం పడింది. ఆ రోజుల్లోనే బహ్రెయిన్‌ నుంచి మా అన్న ఫోన్ చేశాడు.

"చెల్లె, ఈపారి బతుకమ్మకు నువ్వు రావాలె. వీసా పంపుతున్న. పూలు పట్టుకరా."

అన్నకు అక్కడ దర్జీ దుకాణం ఉంది. నేను కోరుట్లలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతాను. దేశాలనూ రాజధానులనూ బోర్డు మీద ఎన్నోసార్లు రాశాను కానీ, అప్పటివరకూ సముద్రం మొహం చూసింది లేదు.

బయల్దేరే ముందురోజు సాయంత్రం చేలగట్ల మీద గునుగు, తంగేడు కోసుకొచ్చి, తడిగుడ్డలో చుట్టి పెట్టెలో సర్దాను. ఆర్టీసీ బస్సులు బంద్. తెల్లవారగానే జీపులో బయల్దేరాం. నాతోపాటు మా ఊరి ఖాలిదా బీ కూడా ఉంది. ఆమె కొడుకు మనామాలో డ్రైవరు. జీపులో అంతా ఆమెను ఖాలమ్మ, అంటే చిన్నమ్మ, అనే పిలిచారు. డెబ్బై దాటిన మనిషి, అయినా విమానం ఎక్కడం ఆమెకిది మూడోసారి. నాకే భయం.

"ఏం భయపడకు బిడ్డా. బస్సు లెక్కనే, జర పైకి పోతది," అంది.

సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు లేదు. నేత కార్మికులు రోడ్డు మీద టెంటు వేసుకుని కూర్చున్నారు. ఎయిర్‌పోర్టుకు పోయే బండి అని తెలిసి దారి ఇచ్చారు. ఆ పూట శంషాబాద్ దగ్గర లాడ్జిలో ఆగి, మర్నాడు పొద్దున విమానం ఎక్కాం.

విమానం దిగుతుంటే కిటికీలోంచి చూశాను. ఒడ్డు దగ్గర లేత ఆకుపచ్చ, దూరంగా చిక్కటి నీలం. మధ్యలో ఎవరో ఆరబెట్టిన దుప్పటిలా తెల్లటి ఇసుక నేల. ఖాలమ్మ నిద్రపోతుంటే లేపి మరీ చూపించాను.

ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ కుర్రాడు నా పెట్టె తెరిపించాడు. మూటలోంచి పసుప్పచ్చ తంగేడు జారిపడింది. ఇదేమిటని ఇంగ్లీషులో అడిగాడు. రోజూ పాఠం చెప్పే నేను ఇంగ్లీషు మాటలు కూర్చుకునేలోపే ఖాలమ్మ ముందుకొచ్చింది.

"బేటా, ఇన్‌కీ ఫూలోంకీ ఈద్ హై," అంది. వీళ్ళ పూలపండుగ అని.

అతనికి ఉర్దూ తెలుసు. ఒక గునుగుపువ్వు తీసి వాసన చూశాడు. నవ్వి, పెట్టె తనే మూసి ఇచ్చాడు. బయటికొచ్చాక ఖాలమ్మ చెయ్యి చాలాసేపు వదల్లేదు నేను.

బహ్రెయిన్ అంటే అరబ్బీలో రెండు సముద్రాలు. చుట్టూ ఉప్పునీళ్ళున్నా, కొన్నిచోట్ల సముద్రం అడుగునే మంచినీటి ఊటలుండేవట. ముత్యాల కోసం మునిగేవాళ్ళు ఆ నీళ్ళే పట్టుకుని తాగేవాళ్ళట. పెద్ద దీవి ఒకటి, చుట్టూ చిన్న దీవులు. సౌదీకి సముద్రం మీదుగా పొడవాటి వంతెన. దేశం మొత్తం మా కరీంనగర్ జిల్లాలో ఒక మూలకు సరిపోతుంది.

శుక్రవారం అన్న నన్ను పాత కోటకు తీసుకుపోయాడు. అది దిబ్బ మీద కట్టిన కోట. దిబ్బ నిండా ఒక ఊరి మీద ఇంకో ఊరు, వేల ఏళ్ళ బతుకులు. దిల్మున్ అనే ప్రాచీన రాజ్యపు వర్తకులు ఉన్న చోటు, పోర్చుగీసువాళ్ళు ఏలిన చోటు. ఆ తర్వాత దేశం బ్రిటిష్ వాళ్ళ రక్షణ కిందికి పోయి, పంతొమ్మిది వందల డెబ్బై ఒకటిలో స్వతంత్రమైంది.

"మన కోటిలింగాల యాదికి రాలే?" అన్నాడు అన్న.

ఎందుకు రాదు? గోదావరి ఒడ్డున శాతవాహనుల నాణేలు దొరికిన దిబ్బ మాది. ఆ పరాయి కోట గోడ మీద నిలబడి, మా జగిత్యాల నేలకూ ఇంత లోతుందని గుర్తు చేసుకుంటే ఒళ్ళు గర్వంతో పులకరించింది.

ఇక్కడ ఏలేది రాజు. రెండు సభలున్నాయి. ఒకదానికి జనం ఓటేస్తారు, రెండోదాన్ని రాజు నియమిస్తాడు. ఆ ఏడు మొదట్లో ఇక్కడి జనమూ హక్కులడుగుతూ వీధుల్లోకి వచ్చారు. ఆ అలజడిని అణచేశారు. చౌరస్తాల్లో పోలీసు బండ్లు ఇంకా నిలబడే ఉన్నాయి.

అన్న ఆ మాట చెబుతుంటే, అతని గదికి వచ్చిన గంగారాం కలగజేసుకున్నాడు. రుద్రంగి మనిషి, తాపీమేస్త్రీ.

"గింత జాగ దేశమైంది అక్కా. మనం రాష్ట్రం అడిగితే చిన్నగైతదంటరు."

నేను ఇన్నేళ్ళుగా చెప్పిన పాఠాల్లో ఆ ప్రశ్న ఎక్కడా లేదు.

పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, అన్న ఉండే భవనం వెనక ఆవరణలో చేరాం. నలుగురు నర్సులు, ఇళ్ళలో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళు, మిగతా అంతా మగవాళ్ళే. తంగేడు వాడింది కానీ గునుగు నిలిచింది. తక్కువపడ్డ చోట బజారు బంతిపూలు పేర్చాం. పాట ఎత్తుకోగానే ఆడవాళ్ళు వలయం కట్టారు. వెనకాల మగవాళ్ళు రెండో వలయం కట్టి, సిగ్గుపడుతూనే చప్పట్లు కలిపారు. ఖాలమ్మ కుర్చీలో కూర్చుని తాళం తప్పినవాళ్ళను కసిరింది.

పొద్దు వాలకముందే సముద్రానికి పోయాం. దారిలో అన్న అందరికీ గట్టిగా చెప్పాడు.

"నినాదాలు వద్దు. పదిమంది జమైతేనే అడుగుతరు ఇక్కడ."

ఒడ్డున నీళ్ళు లోతు లేవు. గంగారాం బతుకమ్మను ఎత్తుకుని మోకాళ్ళలోతు దాకా నడిచి మెల్లగా వదిలాడు. అల దాన్ని ఒకసారి వెనక్కి తోసి, తర్వాత తీసుకుంది. ఎవరూ అరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి. పక్కవాడికి కూడా సరిగ్గా వినపడనంత చిన్నగా, అందరం ఒకేసారి అన్నాం, "జై తెలంగాణ."

తిరుగు ప్రయాణంలో ఖాలమ్మ కొడుకు దగ్గరే ఉండిపోయింది. గంగారాం సెలవు మీద నాతో వచ్చాడు. అతను బహ్రెయిన్ పోయాక పుట్టిన బిడ్డను ఇంకా కళ్ళారా చూడలేదు. జీపు సిద్దిపేట దాటినప్పటి నుంచీ సీటు అంచునే కూర్చున్నాడు.

సిరిసిల్ల దగ్గర సమ్మెవాళ్ళ వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి జనం వండుకుని తింటున్నారు. నేను దిగి, వడ్డిస్తున్న ఒకామెకు సంగతి చెప్పాను. ఆమె వెంటనే పక్కనున్నవాళ్ళను లేపింది.

"జరుగుండ్రి, జీపును పోనియ్యిండ్రి. పాపం, బిడ్డను సూడవోతుండు."

దారి ఖాళీ అయింది. గంగారాం మాత్రం జీపు దిగాడు.

"పోదాం పా తమ్మీ, ఇంటికాడ ఎదురుసూస్తుంటరు," అన్నాను.

"నా బిడ్డ కోసమే గదక్కా గీళ్ళంత రోడ్డు మీద కూసున్నది. రెండు బుక్కలు తిని పోదాం."

తారు రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒక దేశం చూసి వచ్చాను, కానీ నా గడ్డ గొప్ప ఎంతో అక్కడే తెలిసింది. అతని పక్కన కూర్చుని నేనూ విస్తరి పరిచాను.