త్సోన్యో సమాధి మీద తెల్లవైను

అసెనోవ్‌గ్రాద్‌లో జ్లాట్కాని గుర్తుపట్టడానికి ముఖం చూడనక్కర్లేదు, చేతులు చూస్తే చాలు. మావ్రూద్ నల్లద్రాక్ష పిండి పిండి గోళ్ల చుట్టూ పట్టిన ఊదారంగు చలికాలం వెళ్లినా వదలదు. ఏ సీసా అయినా మూతి ఏప్రన్ అంచుతో తుడిచి, వాసన చూశాకే నోరు విప్పుతుంది. పెద్దలను తలచుకునే శనివారం శ్మశానానికి వెళ్లి, ఉడికించిన గోధుమలు అందరికీ పంచి, మొగుడు త్సోన్యో సమాధి మీద మావ్రూద్ ఎర్రవైను పోస్తుంది. “తెల్లదీ ఒక వైనేనా, పుల్లనీళ్లు!” అనేవాడాయన. బతికున్నన్నాళ్లూ దాన్ని గడప తొక్కనివ్వలేదు.

ఈసారి ఆ ఎర్రవైను మట్టిలో ఇంకకముందే పక్కవీధి దోచ్కా వచ్చి, అదే సమాధి మీద తెల్లవైను ధారగా పోసింది.

“ఎవరి సమాధి అనుకున్నావే? మీ ఆయనది ఆ పక్కన.”

“తెలుసు వదినా. అన్నయ్యకి మా దిమ్యాత్ ద్రాక్ష వైనంటే ప్రాణం. తోట నుంచి వస్తూ మా అరుగు మీద ఓ గ్లాసు తాగందే కదిలేవాడు కాదు. నీకు చెప్పలేదూ?”

జ్లాట్కా తల ఊపింది. అది అవునో కాదో ఆమెకే తెలియలేదు. తను పోసిన ప్రతి గ్లాసుకీ ఆహా అన్న మనిషి ముఖం గుర్తుతెచ్చుకోబోతే సరిగ్గా ఆనలేదు. కోపం రావాలనుకుంది, అదీ రాలేదు. చివరికి ఖాళీ అయిన గోధుమల గిన్నెను ఏప్రన్‌తో తుడిచి ముందుకు చాపింది.

“ఇందులో కాస్త పొయ్యవే. ఇన్నేళ్లూ ఎవరితో కాపురం చేశానో చూస్తాను.”