నాలుగున్నర వేళ్ళు

2022, అక్టోబరు చివర. ఒమాన్‌లో ఎండలు కాస్త మెత్తబడి, గ్యారేజీ రేకుల కింద మనిషి నిలబడగలిగే రోజులు మొదలయ్యాయి. మస్కట్ దగ్గర రుసైల్‌లో ఒక బాడీ షాపులో నేను సీనియర్ పెయింటర్‌ని. మా ఊరు జగిత్యాల పక్కన. కార్లకు రంగులు వేయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ పనిలో చెప్పుకోదగ్గ కార్లు చాలానే నా చేతి మీదుగా పోయాయి. కానీ "మీకు బాగా గుర్తుండిపోయిన కారేది?" అని ఎవరైనా అడిగితే నోటికి వచ్చేది ఇదొక్కటే. గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. అయినా చెబుతాను.

కారు సముద్రతీరంలోని ఖబూరా ఊరి నుంచి రికవరీ లారీ మీద వచ్చింది. పాత అమెరికన్ బండి. రెండే తలుపులు, చేంతాడంత బానెట్, దాని కింద చిన్న లారీని లాగగల ఇంజిన్. ఇలాంటివాటిని మజిల్ కార్ అంటారు, కండబలం ఉన్న కారన్నమాట. ఒకప్పుడు దానిది ముదురాకుపచ్చ మెటాలిక్ రంగు. సముద్రపు ఉప్పుగాలికి, ఖర్జూరం తోటలోని రేకుల షెడ్డు వేడికి ఆ పచ్చదనం చచ్చి, ఎండిపోయిన నాచులా తయారైంది. తలుపుల కింద వేలు పెడితే తుప్పు పొడిపొడిగా రాలింది.

యజమానిని అందరూ అబూ సాలెం అనేవారు. సాలెం తండ్రి అని అర్థం, అక్కడ పెద్దవాళ్ళను అలా పిలవడం మర్యాద. ఓడరేవులో పనిచేసి రిటైరైన మనిషి. ఓడను కట్టే తాడులో చిక్కుకుని కుడిచేతి నడిమివేలు సగానికి తెగింది. చెయ్యి కలిపితే ఆ మొండివేలు మన అరచేతికి తెలిసేది. హిందీ మాకంటే బాగా మాట్లాడేవాడు. ఎప్పుడు వచ్చినా ఊద్ నూనె, అంటే అగరు అత్తరు, గుమగుమలాడేది. చిన్న సీసా జేబులోనే ఉండేది. అరచేతిలో వేసుకుని గడ్డానికి, బట్టలకు రాసుకునేవాడు. ఫ్లాస్కులో కహ్వా అనే అరబ్బీ కాఫీ, డబ్బాలో ఖర్జూరాలు తెచ్చుకుని మా మధ్యనే బోర్లించిన బకెట్ మీద కూర్చునేవాడు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించేవాడు. మంచివాడే. చెడ్డవాడైతే నాకింత బాధ ఉండకపోను.

కొడుకు పెళ్ళికి పెళ్ళికొడుకును ఆ కారులోనే కూర్చోబెట్టి తీసుకెళ్ళాలని ఆయన కోరిక. ఆ కారు మీద ఇంకొకరి ఆశ కూడా ఉంది. అది లచ్చయ్యది.

లచ్చయ్యది నిర్మల్. వాళ్ళ నాన్న కొయ్యబొమ్మలకు రంగులు వేసిన మనిషి. లచ్చయ్య నలభై దాటినా మా షాపులో ఇంకా హెల్పరే. ఇసుకకాగితంతో రేకు రుద్దడం, మాస్కింగ్ పేపరు అంటించడం అతని డ్యూటీ. స్ప్రే గన్ పట్టుకుంటే మాత్రం చూడముచ్చటగా ఉండేది. మణికట్టు తిప్పకుండా, గీత తప్పకుండా, రేకుకు ఎంత దూరంలో మొదలుపెట్టాడో అంతే దూరంలో ముగించేవాడు. నేను నేర్పింది కొంతే, మిగిలింది రక్తంలో వచ్చింది. కానీ అతని బతాకాలో, అంటే అక్కడి గుర్తింపు కార్డులో, వృత్తి "లేబర్" అనే ఉంది. లేబర్ కార్డు ఉన్నవాణ్ణి మా కంపెనీ ఎక్కడికైనా పంపగలదు. ఎడారి అవతల దుక్మ్‌లో కంపెనీకి సైట్లు ఉండేవి. అక్కడికి పోయినవాడు గాలిదుమ్ములో పైపులు మోయడమే. పెయింటర్ కార్డు ఉంటే ఆ బెడద లేదు.

"ఇంట్ల అందరం రంగులోల్లమే అన్నా. నా కార్డు మీదనే లేబర్ అని ఉన్నది," అనేవాడు. నవ్వుతూనే అనేవాడు కానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయేది.

మా ముదీర్, అంటే మేనేజరు, సత్యనారాయణ గారు. గోదావరి జిల్లా మనిషి. మనవాడే కదా అని మొదట్లో సంబరపడ్డాం. నేను ఆయన దగ్గరికి పోయి, ఈ కారుకు గన్ను లచ్చయ్య చేతికిద్దాం, నేను పక్కన ఉంటాను అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి లచ్చయ్యను పిలిపించాడు.

"ఈ బండి నువ్వే వెయ్యవయ్యా. నీటుగా వచ్చిందనుకో, కార్డులో పెయింటర్ అని మార్పించే పూచీ నాది."

ఆ రోజు లచ్చయ్య రూమ్‌లో అందరికీ కోడికూర వండిపెట్టాడు.

పాత రంగును తీసెయ్యడాన్ని స్ట్రిప్పింగ్ అంటారు. మందు పూసి, గీకి, రేకు తెల్లగా బయటపడేదాకా తీశాం. తుప్పు తిన్నచోట కొత్త రేకు అతికించాం. తర్వాత ప్రైమర్, అంటే రంగు పట్టడానికి వేసే పునాది. దాన్ని చెక్కదిమ్మకు చుట్టిన ఇసుకకాగితంతో నీళ్ళు పోస్తూ రుద్దడం బ్లాక్ శాండింగ్. కళ్ళకు తెలియని గుంట చేతికి తెలుస్తుంది. లచ్చయ్య కళ్ళు మూసుకుని రేకు మీద అరచెయ్యి నడిపి "ఇక్కడున్నదన్నా" అనేవాడు. ఉండేది. అసలు రంగు డాష్‌బోర్డు వెనక ఎండ తగలని చోట దొరికింది. దానికి సరిపోయేలా రంగు కలపడానికి నేను, లచ్చయ్య ఎన్ని ముక్కల మీద కొట్టి చూశామో లెక్కలేదు. చివరికి ముక్కను ఎండలో పెట్టి చూపిస్తే అబూ సాలెం కళ్ళు చెమర్చాయి. "నేను పెళ్ళికొడుకునైనప్పుడు ఇదే రంగు," అన్నాడు.

ఇక ఆ రోజు. పెయింట్ కొట్టే గదిని బూత్ అంటాం. దుమ్ము రాకుండా ఫిల్టర్లు, తలుపులు ఉంటాయి. పొద్దున లచ్చయ్య బేస్ కోట్ వేశాడు. అసలు రంగు అదే, కానీ ఎండితే మెరుపుండదు. దాని మీద గాజుపొరలాంటి క్లియర్ కోట్ పడితేనే మెరుపూ, రక్షణా. ఈ రెండు కోట్ల మధ్య ఆ రేకును ఎవరూ ముట్టుకోకూడదు. కన్నతల్లి వచ్చినా ముట్టనివ్వొద్దని నేను చెబుతుంటాను. బేస్ కోట్ ఆరనిచ్చి అన్నాలకు వెళ్ళాం. తిరిగొచ్చి తలుపు తీస్తే బూత్ నిండా ఊద్ వాసన.

లచ్చయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏందన్నా గీ వాసన? ఎవరన్న లోపటికి అచ్చిండ్రా?"

పోయి ముదీర్‌ని అడిగాం.

"అబూ సాలెం గారు వచ్చి వెళ్ళారయ్యా. నేనే చూపించాను. గుమ్మంలో నిలబడి చూశారంతే."

"సేతితోని ముట్టిండా సార్?" అన్నాడు లచ్చయ్య.

"ముట్టలేదంటున్నాను కదా! ఆయనేమన్నా చిన్నపిల్లాడా? మొదలెట్టు, సాయంత్రానికల్లా అయిపోవాలి."

అయినా లచ్చయ్య లైటు పట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. బేస్ కోట్ మీద నూనె మరక పడితే కంటికి కనబడదు. దుమ్ము తుడిచే జిగురుగుడ్డతో తుడిచి, తలకు హుడ్ వేసుకుని, మాస్కు కట్టుకుని క్లియర్ మొదలుపెట్టాడు. ముందుభాగం అద్దంలా వచ్చింది. వెనక్కి వచ్చి డిక్కీ మీద కొట్టాడు. చూస్తుండగానే తడి క్లియర్‌లో చిన్నచిన్న గుంటలు విచ్చుకున్నాయి. నూనె రాసిన పెనం మీద నీళ్ళు చల్లితే పక్కకు పారిపోతాయి చూడండి, అలా. చేప కళ్ళలా ఉంటాయని వీటిని ఫిష్ ఐ అంటారు. పెయింటర్‌కు ఇంతకంటే చావుకబురు లేదు. అంతా ఎండబెట్టి, రుద్ది, మళ్ళీ బేస్ కోట్ నుంచి రావాలి.

లచ్చయ్య గన్ను దించేశాడు. నేను లైటు దగ్గరగా పెట్టాను. గుంటలు చెల్లాచెదురుగా లేవు. డిక్కీ మూల మీద ఒక అరచెయ్యి ఆనించి, అక్కడి నుంచి పక్కరేకు మీదుగా ముద్దుగా నిమిరినట్టు వరుసలు కట్టి ఉన్నాయి. బొటనవేలు, చూపుడువేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు, అన్నీ ఉన్నాయి. నడిమివేలు సగమే ఉంది.

నేను, లచ్చయ్య మొహామొహాలు చూసుకున్నాం. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

ముదీర్ వచ్చి చూశాడు. వంగి, ఆ వేళ్ళ గీతల దగ్గర మొహం పెట్టి చూశాడు. తర్వాత లచ్చయ్య వైపు తిరిగి, షాపులో అందరికీ వినబడేలా అన్నాడు. "తలకి ఆ కొబ్బరినూనె రాసుకుని బూత్‌లోకి రావద్దని ఎన్నిసార్లు చెప్పాను? బండి తగలెట్టేశావు కదయ్యా!"

లచ్చయ్యకు తలకు నూనె లేనిదే పొద్దు గడవదు, నిజమే. అదే నూనెతో ఏళ్ళ తరబడి అదే బూత్‌లో పనిచేశాడు, అప్పుడెవరికీ కనబడలేదు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ.

ఆఫీసులోకి పోయి అడిగాను. "సార్, తలల నూనె సేతి ఏళ్ళ లెక్క గీసుకుంట పడ్తదా? నడిమేలు సగమున్నది సూడుండ్రి. మన షాపుల మొండేలు ఎవనికున్నది?"

ఆయన తలుపు వేశాడు. గొంతు తగ్గించాడు. "మల్లేశం, నాకు కళ్ళు లేవనుకున్నావా? ఆయన చెయ్యేసి నిమురుతుంటే వద్దనలేకపోయాను. ఇప్పుడు మీ చెయ్యే పాడుచేసిందండీ అని ఆ పెద్దాయన మొహం మీద చెప్పమంటావా? ఆయన మాట మీద ఆ తీరంలో బళ్ళన్నీ మన దగ్గరికొస్తున్నాయి. లచ్చయ్యే ఏం మాట్లాడటం లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కందకు నోరు లేదు సార్, గంతే," అని బయటికి వచ్చేశాను.

నాకు ఇంకా ఒక ఆశ ఉంది. అబూ సాలెం న్యాయం తెలిసిన మనిషి, తెలిస్తే ఊరుకోడు అనుకున్నాను. మర్నాడు ఆయన వచ్చేదాకా డిక్కీని రుద్దనివ్వలేదు. ఆయన వచ్చాక తీసుకెళ్ళి, "బాబా, ఇక్కడ ఒకసారి చెయ్యి పెట్టండి," అన్నాను. లచ్చయ్య పక్కనే నిలబడి ఉన్నాడు.

ఆయన నవ్వుతూ పెట్టాడు. మొండివేలు దాని చోటులో అచ్చంగా కూర్చుంది. నవ్వు ఆగిపోయింది. చెయ్యి తీసి, అరచెయ్యి వాసన చూసుకున్నాడు. లచ్చయ్య వైపు చూసి, "నేను మాట్లాడతాను," అని హిందీలో మెల్లగా అన్నాడు. ఆ మాటకు లచ్చయ్య రెండు చేతులూ జోడించాడు.

ఆయన ఆఫీసులోకి వెళ్ళాడు. కాసేపటికి, మళ్ళీ పెయింట్ సంగతి మాట్లాడాలని నన్నూ పిలిచారు. నేను వెళ్ళేసరికి ముదీర్ ఆయనకు చెబుతున్నాడు. "క్షమించాలి బాబా, మా పనివాడి తలనూనె. వాణ్ణి ఇక్కడి నుంచి తీసేస్తున్నాం. మా ఖర్చుతో మళ్ళీ వేయిస్తాం."

నేను అబూ సాలెం మొహంలోకే చూస్తున్నాను. ఆయన కహ్వా కప్పులోకి చూస్తున్నాడు. అలా చూస్తూనే, "పాపం, పేదవాడు. గట్టిగా తిట్టకండి," అన్నాడు.

నాకు నోరు ఆగలేదు. "బాబా, ఇప్పుడే కదా చెయ్యి..." అన్నాను.

"మల్లేశం! నువ్వు పనికి పో," అన్నాడు ముదీర్. అబూ సాలెం తలెత్తలేదు. చెయ్యి పెట్టిన మనిషి ఆయనే, జాలిపడిన మనిషీ ఆయనే. ఆ జాలిని నేను ఈ జన్మలో మరిచిపోను.

ఆ వారమే లచ్చయ్యను దుక్మ్ బస్సెక్కించారు. పొద్దున్నే గేటు దగ్గర అబూ సాలెం డ్రైవరు వచ్చి అతని చేతిలో ఒక పెద్ద హల్వా డబ్బా పెట్టి వెళ్ళాడు. ఒమాన్ హల్వా, బాదం, నెయ్యి, కుంకుమపువ్వు వేసి పెళ్ళిళ్ళలో పంచేది. లచ్చయ్య ఆ డబ్బాను రూమ్ వాళ్ళకే ఇచ్చేసి పోయాడు. నేను ముట్టలేదు.

కారు నేనే మళ్ళీ వేశాను. బాగానే వచ్చింది. పెళ్ళికొడుకు దాంట్లోనే ఊరేగాడు. ఆ ఫొటో ఇప్పటికీ మా ఆఫీసు గోడ మీద ఉంది. డిక్కీ కనబడే వైపు నుంచే తీశారు.

ఈ కేసు నాకు ఏం నేర్పింది? పనికి సంబంధించినంతవరకు ఒకటి. రెండు కోట్ల మధ్య బూత్ తాళంచెవి నా జేబులోనే ఉంటుంది, ముదీర్ అడిగినా ఇవ్వను. రెండోది మనుషుల గురించి. రుజువు చూపిస్తే చాలు, న్యాయం దానంతటదే జరుగుతుందని నమ్మేవాణ్ణి. ఇప్పుడు నమ్మను. చూసినవాళ్ళందరికీ నిజం తెలిసింది, ఒక్కడికీ అది పనికిరాలేదు.

కొన్నాళ్ళకు లచ్చయ్య వీడియో కాల్ చేశాడు. వెనక గాలికి టార్పాలిన్ టపటపలాడుతోంది. మనిషి నల్లబడ్డాడు. జుట్టు ఎండుగడ్డిలా లేచి ఉంది.

"ఏందిరా, తలకు నూనె పెడ్తలేవా?"

"ఇడిసిపెట్టిన అన్నా."

"ఎందుకు?"

"ఏమో అన్నా, అందరు అన్నరు గద. నూనె నాదే కావచ్చు."

"పిచ్చోనివారా? ఆ సేతి ఏళ్ళు నువ్వు సూడలేదా? ఆ సగమేలు సూడలేదా?"

"సూసిన," అన్నాడు. అరచేత్తో జుట్టు అణుచుకున్నాడు. "సెయ్యి ఆయనదే అన్నా. నూనె నాదే అయ్యుంటది."

ఆ మాట నన్ను కొట్టినట్టు ఇంకేదీ కొట్టలేదు. మర్నాడు పొద్దున కిరాణా కొట్లో కొబ్బరినూనె సీసా కొన్నాను. ఆ రోజు నుంచి తలకు నిండా పట్టించి, దాని మీద హుడ్ వేసుకుని బూత్‌లోకి పోతున్నాను. ముదీర్ చూస్తాడు, ఏమీ అనడు. ఇంతవరకు నా క్లియర్ కోట్‌లో ఒక్క ఫిష్ ఐ పడలేదు. వేసిన ప్రతి కారునూ దగ్గర నుంచి ఫొటో తీసి, నూనె కారుతున్న నా తలతో సహా, దుక్మ్‌కు పంపుతాను.

"మంచిగచ్చిందన్నా," అని జవాబు పెడతాడు. తలకు మాత్రం ఇంకా నూనె పెట్టుకోవడం లేదు.