గోడ ఊపిరి పీల్చిన పూట

వెలుగును కలుగజేసి, మరుగైనదాన్ని బయటపెట్టే దేవా, నీకే స్తోత్రం. నోరు చేదైన రోజున కూడా మా స్తుతి నీదే.

నేను భూపాలపల్లిలో ఒక బొగ్గుబాయి ల్యాబులో గాలి పరీక్షిస్తాను. బాయిలోకి దిగి ఆ గాలి నింపుకొచ్చేవాడు మా అన్న. ఆదివారం మా సొంతూరు తొర్రూరు సంఘంలో కీర్తన చదివేదీ ఆయనే. పుస్తకం తెరవకుండా, కళ్లు మూసుకొని చదివేవాడు.

అన్న తెచ్చిన రబ్బరు బ్లాడర్‌లోని గాలిని మా కొత్త మెషిన్ వాయువులుగా విడదీసి, హీలియంలో కరెంటుతో వెలిగించిన ప్లాస్మా అనే సన్నని మెరుపులోకి ఒక్కొక్కటిగా పంపుతుంది. ఒక్కో వాయువుది ఒక్కో వెలుగు. పాత మెషిన్‌కు అందనంత కొద్ది వాయువును కూడా ఆ వెలుగును బట్టి పట్టేస్తుంది. గ్రాఫులో ఎథిలీన్ అనే వాయువు గీత లేచిందంటే లోపల బొగ్గు రగులుతున్నట్టే.

బాయిలో గోడ కట్టి మూసేసిన ఒక పాత చోటు నుంచి అన్న ఒక మధ్యాహ్నం గాలి తెచ్చాడు. గీత లేచింది. ఆ గోడ తెరిచి లోపల చిక్కిన యంత్రాన్ని తీయాలని మా పెద్దసారుకు తొందర. మర్నాడు పొద్దున్నే మళ్లీ పట్టుకురమ్మన్నాడు.

మూసిన గోడ కూడా ఊపిరి తీస్తుంది. బయట గాలి ఒత్తిడి పెరిగే పొద్దుటి పూట లోపలికి పీల్చుకుంటుంది, మధ్యాహ్నం దాటాక వదులుతుంది. అందుకే గోడలోని పైపు ముందు చిటికెడు సున్నపుపొడి వదిలి, అది మనవైపు ఎగిరితేనే గాలి పట్టాలి. ఇది మాకు నేర్పింది ఆ సారే.

పొద్దున ల్యాబు ఫోన్‌లో అన్న గొంతు నాకూ వినబడింది. "సార్, పొడి లోపలికి పోతున్నది. పగటీలి దాటినంక గాలి పడ్త."

"గోడకు ముక్కున్నదా ఏంది? నీ కీర్తనలల్ల ఉన్నదా గిది? నింపుకరా."

నింపుకొచ్చాడు. గీత లేవలేదు.

"గిది మనం పీల్చే గాలి సార్. లోపలిది కాదు," అన్నాను.

"గింత మంచి మెషిన్ అబద్ధం చెప్తదా అమ్మా?"

మెషిన్ అబద్ధం చెప్పలేదు. ఇచ్చిన గాలినే చూసింది.

గ్రాఫ్ శుభ్రంగా ఉంది కదా అని వీపుకు కట్టుకునే ఆక్సిజన్ పెట్టెలు బాయి పైనే వదిలి గోడ పగలగొట్టారు. అందరికన్నా ముందు నిలబడి గాలి పట్టేది అన్నే. లోపలి విషవాయువు పీల్చి అక్కడే పడిపోయాడు. వెనకవాళ్లు లాక్కొచ్చారు కాబట్టి ప్రాణం దక్కింది.

దవాఖానలో సారు నా పక్కన కూర్చుని, "అంతా దేవుని చిత్తం బిడ్డా," అన్నాడు. ఆ మాట నాకింకా గొంతు దిగలేదు. దేవుడు ముందురోజే వెలుగులో చూపించాడు. చూడనన్నది ఎవరు?

సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. గోడ సంగతి మొదలుపెట్టగానే సంఘపెద్ద ఒకాయన చెయ్యెత్తాడు. "గవన్నీ ఎందుకు బిడ్డా, బతికిండు గదా. స్తోత్రం చెప్పి కూసో." కూర్చున్నాను.

అన్న ఇప్పుడు పుస్తకం తెరిచే చదువుతాడు. రెండు వచనాలు కాగానే అక్షరాలు కలిసిపోతాయట. నావైపు తిరిగి, "తర్వాతేంది చెల్లె?" అంటాడు. సంఘమంతా తల వంచుకుంటుంది.

ఇది చదువుతున్నవారా, సారును క్షమించే ప్రార్థన నాకింకా నోట రావడం లేదు. అది మీరు చేయగలిగితే చేయండి. ఈ ఆదివారం అన్న మళ్లీ నిలబడతాడు. ఆ ఒక్క కీర్తన చివరిదాకా చేరాలని నాతో కలిసి మోకరించండి.