జమ్మి కింద తాపీలు

స్టోర్ కీపర్ ఉద్యోగమంటేనే అనుమానం. ఇచ్చిన సుత్తె తిరిగొచ్చిందా, వచ్చింది అదేనా, పిడి ఏమైనా మారిందా అని చూసుకుంటూ బతికేవాణ్ణి నేను. ఒమాన్‌లో ఇబ్రి ఊరి బయట గోదాములు కడుతున్న సైట్‌లో నన్ను మించిన అనుమానం మనిషి ఉంటాడని ఇస్తారిని చూశాకే తెలిసింది.

ఇస్తారిది మెట్‌పల్లి పక్క పల్లె. తాపీ మేస్త్రీ. మీసం రాని వయసులో ఒమాన్ వచ్చి, ఇబ్రి చుట్టుపక్కల విల్లాలకీ ప్రహరీలకీ గోడలు లేపుతూనే జుట్టు నెరిపించుకున్నాడు. బ్లాక్ పెట్టాక తాపీ పిడితో ఒక దెబ్బ వేసి, తల వంచి చప్పుడు వింటాడు. నచ్చకపోతే ఊడబీకి మళ్లీ పెడతాడు. ఆ తాపీ ఊళ్లో కమ్మరి చేత చేయించుకున్నది. నేను స్టోర్‌లోంచి కొత్తది తీసిస్తే వెనక్కి తిప్పి చూసి, "చైనాదా? నాకద్దు" అని బల్ల మీద పెట్టేశాడు.

"నీ చేతిలో ఫోన్ ఎక్కడిదయ్యా ఇస్తారీ? ఆ టేపెక్కడిది? కాళ్లకున్న చెప్పులెక్కడివి?" అన్నాను.

"అవి నా బువ్వ గుంజుకోవు మోజెస్ సారూ," అన్నాడు.

అతని గ్యాంగంతా అతని మాట మీద వచ్చినవాళ్లే. బావమరిది, మేనల్లుడు, పక్క ఊరి గంగన్న, ఇంకా కొందరు. "నేనున్నంత సేపు పనుంటది" అని వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లకి చెప్పి మరీ తెచ్చుకున్నాడు. ఆ మాట నిలబెట్టుకోవడమే అతని బతుకు. అందుకే పాత కంపెనీ సైట్ వదిలేసి చైనా కంపెనీ వచ్చి కూర్చున్న రోజు నుంచీ ఇస్తారికి అన్నం సయించలేదు.

వచ్చిన చైనావాళ్లు నలుగురైదుగురే. వాళ్ల క్యాబిన్ వేరు, వంట వేరు, వంటగది వెనక చిన్న కూరగాయల మడి కూడా వేరు. కానీ వాళ్ల వెనకే ఓడలు వచ్చాయి. రేవులో దిగి లారీలెక్కిన ఇనుము, అద్దాలు, టైల్స్, ఆఖరికి మేకులు కూడా అక్కడివే. ఇక రావలసింది మనుషులే, వాళ్లూ వస్తారని సైటంతా గుసగుస. నేనూ తక్కువ తినలేదు. ఆ మడి పక్కనుంచి ఊరికే నడుస్తున్నట్టు నడిచి, ఏం పాతిపెడుతున్నారో చూసొచ్చాను. ముల్లంగి.

వాళ్లలో సైట్ చూసేవాడి పేరు లియాంగ్. సన్నటి మనిషి, మెడ మీద గుడ్డ వేలాడే టోపీ. ఎండలో ఇస్తారి వెనక నిలబడి, అతను బ్లాక్ పెట్టడం, దెబ్బ కొట్టడం, వినడం అంతా ఫోన్‌లో వీడియో తీసేవాడు.

"పనిని ఫోన్ల వట్టుకపోతున్నడు సారూ," అని ఇస్తారి నా దగ్గర గొణిగాడు. "ఆడ వాళ్లోళ్లకు సూపిచ్చి నేర్పిస్తడు. ఓనాడు బస్సు నిండ దించుతడు సూడు."

అప్పటి నుంచి లియాంగ్ కనపడితే చాలు, ఇస్తారి గోడకీ అతనికీ మధ్య వీపు అడ్డం పెట్టేవాడు. లియాంగ్ ఫోన్‌లో మాటలు మార్చే ఆడగొంతు ఒకటి ఉండేది. అది హిందీలో అడిగేది: మీ మనుషులు ఏ ఊరివాళ్లు? ఎవరికెవరు బంధువులు? ఇంతకుముందు ఎక్కడ చేశారు? దేనికైనా ఇస్తారి జవాబు ఒకటే, "మాలూమ్ నహీ."

"నీ మేనల్లుడి పేరు కూడా తెలీదటయ్యా నీకు?" అని ఆటపట్టించాను.

"ముందుగాల పేరడుగుతడు, ఎనుక లెక్కడుగుతడు, ఆఖరికి ఇంటికి టికెటిస్తడు," అన్నాడు నవ్వకుండా.

గేటు దగ్గర కాపలా ఉండే సలీమ్ మాత్రం ఈ గుసగుసలకి నవ్వేవాడు. ఇబ్రి మనిషే, పెద్దవాడు. "మీ హిందీలు, అదే, ఇండియావాళ్లు, మొదట వచ్చినప్పుడు మా నాయన రోజూ మేకల్ని లెక్కపెట్టుకునేవాడు, మీరు ఎత్తుకుపోతారని," అని తన హిందీలో చెప్పాడు. "ఒక్క మేకా పోలేదు. అయినా చచ్చిపోయేదాకా లెక్కపెడుతూనే ఉన్నాడు." ఇది ఎవరి దేశమన్న అనుమానం లేనివాడు మా సైట్‌లో సలీమ్ ఒక్కడే. మిగతా వాళ్లమంతా పక్కవాడి లేబర్ కార్డుకి ఇంకా ఎన్నాళ్ల గడువుందో కనిపెట్టుకుని తిరిగేవాళ్లం.

ఆ గేటు పక్కనే పెద్ద ఘాఫ్ చెట్టుంది. సలీమ్ వాళ్ల ఊరి చెట్టు, కొమ్మ విరిస్తే ఊరుకోడు, గుప్పెడు ఆకులు కోసుకోనిస్తాడు. ఇస్తారి సైట్‌కి వచ్చిన మొదటి రోజే దాని ఆకు నలిపి చూసి కళ్లకద్దుకున్నాడు. అది జమ్మి చెట్టే.

నాకు దసరా లేదు, మాది కాకినాడ పక్క క్రైస్తవుల కుటుంబం. కానీ వీళ్ల దసరా ఏటా చూస్తూనే ఉన్నాను. పనిముట్లు కడిగి, బొట్లు పెట్టి జమ్మి కింద వరసగా పేరుస్తారు. పూజయ్యేదాకా వాటిని ముట్టరు. సాయంత్రం జమ్మి ఆకుని "బంగారం" అంటూ ఒకరి చేతిలో ఒకరు పెట్టి, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకుంటారు. చిన్నవాళ్లు పెద్దవాళ్ల కాళ్లు మొక్కుతారు. పగవాడు ఆకు తెచ్చినా కాదనకూడదట. పాత కంపెనీ మేనేజరు ఆ ఒక్క రోజూ చూసీ చూడనట్టు ఉండేవాడు.

"ఈసారి లియాంగ్‌కి ఒక్క మాట చెప్పొచ్చు కదయ్యా," అన్నాను పండగ ముందు రోజు.

"చెప్తె, ఏం పండుగ, ఎందరు జేస్తరు, ఏ ఊరోళ్లు అని మల్ల ఫోను దెరుస్తడు. మేం తాపీలు ముట్టకుంట బ్లాకులు మోస్తం, గోడలకు నీళ్లు గొడ్తం. డ్యూటీ డ్యూటీనే. ఆనికెందుకు?"

పొద్దున్నే తాపీలు, సుత్తెలు, రసమట్టాలు, తట్టలు అన్నీ చెట్టు కింద తెల్లగుడ్డ మీద బారుగా పెట్టారు. ఉతికిన చొక్కాలు వేసుకుని, చేతులు కట్టుకుని చుట్టూ నిలబడ్డారు. అప్పుడే లియాంగ్ వచ్చాడు. పనిముట్లు చూశాడు, మనుషుల్ని చూశాడు, ఒక అడుగు వెనక్కి వేశాడు. ఫోన్ తీశాడు.

"పనిముట్లు ఎందుకు కింద పెట్టారు?" అని అడిగింది ఆడగొంతు.

"ఆజ్ ఔజార్ నహీ ఛూయేంగే," అన్నాడు ఇస్తారి. ఇవాళ పనిముట్లు ముట్టం అని.

"ఎవరు చెప్పారు?"

"మాలూమ్ నహీ."

లియాంగ్ ఆ బారుని ఫొటో తీశాడు. ఆ తర్వాత ఒక్కొక్కరి మొహం తీశాడు. క్యాబిన్‌లోకి పోయి తలుపేసుకున్నాడు. "సూసినవా సారూ? నేనన్నదే అయింది," అన్నాడు ఇస్తారి. తన అనుమానం నిజమైందన్న తృప్తి ఆ గొంతులో వినపడింది.

నాకు బుర్ర ఆలస్యంగా వెలిగింది. కూలీలు పనిముట్లు నేల మీద పరిచి, చేతులు కట్టుకుని, వాటిని ముట్టం అంటే ఏ దేశం మేనేజరైనా ఏమనుకుంటాడు? పరిగెత్తినట్టే క్యాబిన్‌కి వెళ్లాను. లియాంగ్ ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతున్నాడు. పెట్టేశాక, ఇది సమ్మె కాదు బాబూ, పండగ, ఇవాళ పనిముట్లకి దండం పెట్టుకుంటారని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను.

అతను టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "నేనొచ్చిన రోజు నుంచీ ఆ మనిషి నా ప్రశ్న ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. వెనక ఏదో నడుపుతున్నాడనుకున్నాను," అన్నాడు. "అతని గోడలు వీడియో తీసి మా పెద్దలకి పంపాను, ఈ గ్యాంగ్‌నే ఉంచుకుందామని." అది నిజమో, అప్పటికప్పుడు అల్లిందో నాకు ఈనాటికీ తెలియదు. ఆ తర్వాత అన్నది మాత్రం నిజం. కూలీల్ని పంపే కంపెనీతో మాట్లాడేశాడట. కొత్త గ్యాంగ్‌తో బస్సు బయల్దేరిందట, ఒప్పందం కుదిరిందట. ఇస్తారి మనుషులు రేపు సైట్ ఖాళీ చేసి, ఇంటికి పంపేదాకా క్యాంపులో ఉండాలట.

"ఏమన్నడు?" అన్నాడు ఇస్తారి నేను రాగానే.

"కొత్త గ్యాంగ్ వస్తోందట. రేపట్నుంచి పని వాళ్లదేనట. మిమ్మల్ని ఇంటికి పంపించేస్తారట."

"నేను జెప్పలె? చైనోళ్లు," అన్నాడు. 

గంగన్న ఉన్నచోటే కూలబడ్డాడు. "ఇంట్ల ఏం జెప్పాలె మేస్త్రీ?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటే ఒళ్లు మండింది. ఒక్క మాటతో పోయేదాన్ని ఇస్తారి ఇంతదాకా తెచ్చుకున్నాడు. ఎండ వాలాక పూజ మాత్రం వదలకుండా చేశారు.

పూజ ముగిసిందో లేదో బస్సొచ్చింది. కిటికీలకి పరదాలున్నాయి. ఇస్తారి నడుం మీద చేతులు పెట్టుకుని తలుపుకి ఎదురుగా నిలబడ్డాడు. వాళ్ల మొహాలు చూసి తీరాలన్నట్టు నిలబడ్డాడు.

ముందు దిగినవాడి నుదుట కుంకుమ బొట్టుంది. భుజాన తువ్వాల, చొక్కా జేబులో పచ్చటి రెమ్మ.

"ఓరి, ఈడ గూడ జమ్మి ఉన్నదిరా!" అని వెనక్కి కేకేశాడు. నెరిసిన తలని చూసి నేరుగా ఇస్తారి దగ్గరికొచ్చి, వంగి కాళ్లు మొక్కాడు. "కాకా, దసరా బంగారం దీస్కో. నేను లింబాద్రిని, మాది బాల్కొండ."

అతని వెనకే ఒక్కొక్కరూ దిగారు. అందరూ మనవాళ్లే, అందరి జేబుల్లోనూ జమ్మి. వరసగా వచ్చి ఇస్తారి చేతిలో ఆకు పెట్టారు, కాళ్లు మొక్కారు. కాదనకూడదు. ఇస్తారి ఒక్కొక్కర్నీ లేపి అలాయ్ బలాయ్ తీసుకున్నాడు. అతని చెయ్యి ఆకులతో నిండిపోయింది.

"పొద్దుగాల సువైక్ సైటుల పూజల ఉంటిమి కాకా, సగంల లేపుకొచ్చిండ్రు," అన్నాడు లింబాద్రి. "ఈడ ఎవలో గ్యాంగు పని బందువెట్టిండ్రంట. గింత మంచి పని ఎందుకిడిసిపెట్టుకున్నరో. మీది ఏ సైటు కాకా?"

గంగన్న నోరు తెరవబోతే ఇస్తారి చేత్తో ఆపాడు. ఆకులన్నీ జేబులో పెట్టుకుని, చెట్టు కింది తన తాపీ తీసుకున్నాడు.

"ఆ మూల గోడ ఇంక పచ్చిగున్నది బిడ్డా. రెండు దినాలు మంచిగ నీళ్లు గొట్టుండ్రి," అన్నాడు.